వర్జ్యం పోయేదాకా మర్యాద

ఆ రోజుల్లో మా పాతబస్తీ ఇళ్ళల్లో పిల్లవాడు ఏం చదవాలన్న విషయం ఆ పిల్లవాడు తప్ప అందరూ ఆలోచించేవారు. మేనమామ ఆలోచించేవాడు, పక్కింటి పోస్టుమాస్టరు ఆలోచించేవాడు, పత్తర్‌గట్టిలో అమ్మకు చీరలు చూపించే సేఠ్ కూడా చీర మడత విప్పడం ఆపి కాసేపు ఆలోచించేవాడు. నేను మాత్రం ఎవర్నీ అడక్కుండా ఎం.ఏ. ఇంగ్లీషు చదవాలని నిశ్చయించుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బడిలో లెక్కలు, చరిత్ర అన్నీ ఉర్దూలో చదివినవాణ్ణి. ఇంట్లో మంత్రాలు, వీధిలో దక్కనీ. ఇంగ్లీషు ఒక్కటే చేతికందకుండా దూరంగా నిలబడి ఊరించేది. (నా ఇంగ్లీషు విన్నవాళ్ళు అది చివరిదాకా దూరంగానే నిలబడిందంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి.)

మా బాపు గుడిలో అర్చకుడు. నా కోరిక విని, "ఇంగ్లీషు సదివి ఏంజేస్తవ్‌రా? స్వామికి అష్టోత్తరం ఇంగ్లీషుల సదువుతవా?" అన్నాడు. అప్పటికే మామయ్య తన కచేరీలో నాకొక గుమాస్తా నౌకరీ చూసిపెట్టాడు. అమ్మ మూడురోజులు మౌనంగా వడ్డించాక (మా ఇంట్లో అంతకన్నా పెద్ద సత్యాగ్రహం లేదు) బాపు కొంచెం దిగొచ్చాడు. "శుక్రవారం పోయి పేరు రాయించుకో. సీటు దొరికితె సదువు. లేకుంటె సోమవారం మీ మామెంబడి కచేరికి పోవాలె. గని ఒక్కమాట. ఆ రోజు పన్నెండు దాక వర్జ్యం ఉన్నది. అది పోయినంకనె పేరు చెప్పాలె." సరేనన్నాను. ఊరికే అనడం కాదు, శఠారి నెత్తిన పెట్టించి మరీ అనిపించాడు. అబద్ధమాడి తప్పించుకుందామంటే, మా బాపు గడప దగ్గరే మొహం చూసి పట్టేసే మనిషి.

చిక్కేమిటంటే, శుక్రవారం నమాజు కోసం పన్నెండున్నరకు యూనివర్సిటీలో ఇంగ్లీషు డిపార్టుమెంటు మూసేస్తారు. సీట్లు చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి పదిన్నరకే చేరుకున్నాను. తోడుగా మా తక్కెడ వచ్చాడు. వాళ్ళది పప్పుల హోల్‌సేల్ దుకాణం. ఎవరు ఎదురొచ్చినా ముందు వాళ్ళ బరువెంతో అంచనా కట్టి చెప్పేవాడు గనుక కాలేజీలో అందరం వాణ్ణి అలా పిలిచేవాళ్ళం. వాడు బి.ఏ. గట్టెక్కడం వాళ్ళింట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థంకాని సంగతి. ఇంక చదువు జోలికి పోనని ఒట్టు పెట్టుకుని, వచ్చే వారం నుంచి దుకాణంలో కూర్చోబోతున్నవాడు. క్యాంటీన్‌లో సమోసాలు బాగుంటాయని నా వెంట వచ్చాడు.

వరండాలో వరస కట్టాం. మా ముందున్నవాళ్ళు టకటకా లోపలికి పోతున్నారు. లోపల డిపార్టుమెంటు పెద్ద, మేం షేర్వానీ సార్ అనే ఆయన, స్వయంగా ప్రశ్నలడిగి పేర్లు రాసుకుంటున్నారు. పదకొండు కాగానే నా వంతు వచ్చేసింది. వర్జ్యం పోవడానికి ఇంకా గంట ఉంది. వెనకాలాయనతో, "మీరు పోండి, నాకేం తొందర లేదు" అన్నాను. ఆయన పోయాడు. ఆ వెనకాలాయన్నీ పంపాను. మూడో అతను రూమీటోపీ పెట్టుకున్న ఖాన్‌దానీ పిల్లవాడు. ముందు పొమ్మంటే వినడే. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "నై భాయ్, పహలే ఆప్" అన్నాడు. నేనూ చెయ్యి పెట్టుకుని, "నై నై, ఆప్" అన్నాను. మర్యాదలో అతనిది తాతల నాటి సాధన, నాది వర్జ్యం భయం. చివరికి భయమే గెలిచింది. అతను మూడుసార్లు సలాం చేసి లోపలికి వెళ్ళాడు. ఆ వెనకున్నవాళ్ళనూ ఒక్కొక్కరినే పంపుతూ వచ్చాను.

"ఏందిర గిది?" అన్నాడు తక్కెడ నా చెవిలో. "గిట్ల అందర్ని పంపుతుంటె నీకు సీటు మిగులుతదా?"

"ఇంకొంచెంసేపు. ఫికర్ చెయ్యకు."

"నాకేం ఫికర్? కచేరికి పోయేటోనివి నువ్వు."

పన్నెండుకు పది నిమిషాలుందనగా వరండాలో మేమిద్దరమే మిగిలాం. చప్రాసీ తలుపు తీసి, "అగ్లా కౌన్? జల్దీ ఆవో" అన్నాడు. నాకు ఏం తోచలేదు. తక్కెడ భుజాలు పట్టుకుని, "జర నువ్వు పో. ఏదన్న అడుగు. పది నిమిషాలు గడుపు" అని లోపలికి నెట్టాను. వాడు వెనక్కి తిరిగి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే. కసాయి కొట్టు ముందర మేక అలాగే చూస్తుంది.

పన్నెండు దాటాక బయటికొచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"నన్ను రాసుకున్నరు," అన్నాడు.

"ఏం రాసుకున్నరు?"

"పేరు. ఆయన ఏమడిగినా భయానికి ఎస్ సార్, ఎస్ సార్ అన్న. ఆఖరి సీటంట. మా నాయినకు ఏమని చెప్పాలెర?"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. సోమవారం, కచేరీ, మామయ్య గొడుగు, అన్నీ కళ్ళముందు కదిలాయి. తక్కెడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. "సార్, గలత్ హోగయా. యే సీట్ ఇస్‌కా హై," అని నన్ను ముందుకు తోశాడు. సార్ కళ్ళజోడు మీదనుంచి నన్ను చూశారు. "పొద్దున్నుంచీ తలుపులోంచి గమనిస్తున్నాను. అందర్నీ ముందుకు పంపుతున్నావు. ఇంత మర్యాద ఎక్కడ నేర్చుకున్నావు?" అని ఇంగ్లీషులో అడిగారు. "సార్, మై ఫాదర్..." అన్నాను. అంతే, అక్కడితో నా ఇంగ్లీషు అయిపోయింది. మిగతాది తక్కెడ ఉర్దూలో విప్పేశాడు. వర్జ్యం, శఠారి, గుమాస్తా నౌకరీ, అమ్మ మౌనం, ఏదీ దాచలేదు.

సార్ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. "మన ఇంగ్లీష్ అసోసియేషన్‌లో ప్రతి మీటింగూ లొల్లితోనే ఆగిపోతోంది. అందరికీ ముందే మాట్లాడాలి. కిందటిసారి వచ్చిన అతిథి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర నిలబడి, అందర్నీ ముందుకు పంపి, తాను ఆఖరున వచ్చే సెక్రటరీ కావాలి నాకు. కారణం ఏదైనా సరే," అన్నారు. క్లాసులో ఇంకో కుర్చీ వేయించడం ఆయన చేతిలో పనే. అలా నా పేరూ రాసుకున్నారు. తక్కెడ మెల్లగా, "మరి నా పేరు కొట్టేస్తరా సార్?" అన్నాడు. "రాసింది కొట్టను," అన్నారాయన.

సాయంత్రం బాపు మీసాలు లేకపోయినా మెలేసినంత పని చేశాడు. "చూసినవా? వర్జ్యం పోయినంక పేరు చెప్తివి, సీటు దొరికె, పదవి దొరికె." తక్కెడకు వర్జ్యంలోనే దొరికింది కదా అన్నాను. "వాడు వద్దనుకున్నది వానికి దొరికింది. వర్జ్యమంటె గదే మరి," అన్నాడు బాపు.

తర్వాత రెండేళ్ళు కుర్చీలు వేయించాను, దండలు తెప్పించాను, టైము అయిపోగానే గంట కొట్టాను. మాట్లాడే వంతు మాత్రం నాకు రాలేదు. నాటకం వేస్తే తక్కెడ రాజు. పప్పుల ధరలు అరిచి అరిచి పెరిగిన గొంతు కదా, హాలు దద్దరిల్లేది. నేను తెర వెనక కూర్చుని, రాజుగారు మరిచిపోయిన మాటలు అందించేవాణ్ణి. ఏదో ఒకరోజు నేను స్టేజీ ఎక్కి మాట్లాడితే, కచేరీ వద్దని నేను పట్టిన పంతం తప్పు కాదని బాపుకు తెలుస్తుందని ఆశ. రాత్రిళ్ళు ఉపన్యాసం రాసుకుని, పొద్దున్నే వేరేవాళ్ళ పేర్లు పిలిచేవాణ్ణి.

ఆఖరి మీటింగు రోజు మొదటి వక్తకు జ్వరమొచ్చింది. సార్ నావైపు తిరిగి, "ఈరోజు నువ్వు ముందు," అన్నారు. స్టేజీ ఎక్కాను. చూస్తే వెనక తలుపు దగ్గర బాపు. విందుకు గుడి పులిహోర కావాలని సార్ అడిగితే గంగాళంతో వచ్చాడు. ఎవరో కుర్చీ చూపించినా కూర్చోలేదు. నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు. మధ్యలో రెండుసార్లు మాట మరిచిపోయాను. అయినా అయిందనిపించాను.

తిరుగు బస్సులో ఖాళీ గంగాళం మా ఇద్దరి మధ్య పెట్టుకుని కూర్చున్నాం. అడగకూడదనుకుంటూనే, "ఎట్లుండె బాపు?" అన్నాను.

"నువ్వేం చెప్పినవో ఒక్క ముక్క సమజ్ కాలె," అన్నాడు. గంగాళం జరగకుండా పట్టుకుని, "గని ఎవ్వలు లేసిపోలేదురా," అన్నాడు.

రెండేళ్ళు ఎదురుచూస్తే ఇదా మెచ్చుకోలు అని మూతి ముడుచుకుని కిటికీవైపు తిరిగాను. ఆ తర్వాత నేనూ ఇంగ్లీషు పంతులునయ్యాను. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. వెనక బెంచీల నుంచి ఒక్కొక్కరూ వంగి వంగి జారుకోవడం ఎన్నో ఏళ్ళు చూశాను. అప్పుడు తెలిసింది, హారతి కాగానే లేచిపోయే జనం ముందు జీవితమంతా మంత్రాలు చదివిన మనిషి ఆ మాట ఎంత తూచి అన్నాడో. ఆ బస్సులో అలిగి కూర్చున్న కుర్రవాడు ఇప్పుడు దొరికితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఆ గంగాళం కాస్త పక్కకు తీసి, బాపు పక్కకు జరిగి కూర్చోమని చెబుతాను.