అంతోనయ్యకు ఎర్రంటే భయం

మా వీధి అంతోనయ్య కొత్తగూడెం బొగ్గుబావిలో, భూమి లోపల పనిచేసి రిటైరైన మనిషి. తలమీద కప్పు కిర్రుమన్నా జంకలేదని ఆయనే చెబుతాడు, మనం అడక్కపోయినా. అంతటి వీరుడికి వానపామును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చేపల పిచ్చి లేకపోతే ఆ భయంతో ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ గాలం వేయనిదే ఆయనకు వానాకాలం మొదలు కాదు, వానపామును, అదే ఎర్రను, ముల్లుకు గుచ్చనిదే గాలానికి చేప పడదు.

ఈ చిక్కును ఇన్నేళ్లూ దర్జీ అబ్దుల్ సత్తార్ తీర్చాడు. ఏటా మృగశిర కార్తె పొద్దున ఇద్దరూ ఊరవతలి ప్రాజెక్టు కట్ట మీద కూర్చునేవారు. తొలకరికి కొత్తనీళ్లు దిగి, చేపలు ఒడ్డుకొచ్చే రోజులవి. సత్తార్ రెండు గాలాలకూ ఎర్ర గుచ్చేవాడు. అంతోనయ్య ఆకాశం వంక చూస్తూ గాలి ఎటు వీస్తోందో చెప్పేవాడు. చేప పడితే మాత్రం అది తన గాలం గొప్పే.

మొన్న చలికాలంలో సత్తార్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖానా నుంచి వచ్చాక గడప దాటలేదు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేశాడు. మాటలూ తగ్గించేశాడు.

"మనిషి ఇంట్లనే ఉన్నడు గానీ లేనట్టే ఉన్నడు భాయ్" అని ఆయన భార్య అక్బరీ బేగం అంతోనయ్య దగ్గర కళ్లొత్తుకుంది.

మృగశిరకు ఎలాగైనా కట్ట మీదికి తీసుకెళ్తానని అంతోనయ్య మాటిచ్చేశాడు. ఇచ్చాక గుర్తొచ్చింది, ఎర్ర గుచ్చేదెవరని.

ఇక చూడాలి పెరట్లో ఆయన అవస్థ. మట్టి తవ్వడం, వానపామును పట్టీ పట్టకముందే విసిరికొట్టి బట్టలు దులుపుకోవడం. భార్య ప్రమీలారాణి వంటింటి కిటికీలోంచి చూసి నవ్వీ నవ్వీ అలిసిపోయింది. "ఈస్టర్ ముంగట తపస్సు కాలంల ఉపాసమున్నప్పుడు గూడ ఈ మనిషి ఇంత బాధ పడలే" అంది. మొత్తానికి కళ్లు మూసుకుని గుచ్చడం నేర్చుకున్నాడు, ఆ తర్వాత తెరిచి కూడా.

మృగశిర నాడు ఆటోలో సత్తార్‌ను కట్ట మీదికి తెచ్చాడు. సత్తార్ కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని నీళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. అంతోనయ్య గర్వంగా డబ్బా తెరిచి ఒక వానపామును తీశాడు.

"నేర్చుకున్నవా?" అన్నాడు సత్తార్. ముఖం వాడిపోయింది. "మంచిగైంది. ఇగ నాతోని పనేం లేదు నీకు."

అంతోనయ్యకు గుండె కలుక్కుమంది. వానపామును డబ్బాలో పడేసి చెయ్యి దులుపుకున్నాడు. "ఏం నేర్చుడు భాయ్, పట్టుకుంటేనే కడుపుల తిప్పుతుంది. నావల్ల గాదు. సర్దుకొని ఇంటికి పోదాం."

సత్తార్ విసుక్కున్నాడు. జబ్బు చేశాక ఆయన ఎవరినైనా విసుక్కోవడం అదే మొదలు. "గింత పెద్ద మనిషివి, సిగ్గు లేదా నీకు? ఇటు తే."

గాలం కర్రను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దారాన్ని పళ్లతో పట్టి, ఎడమచేత్తో ముల్లుకు ఎర్ర గుచ్చబోయాడు. జారింది. మళ్లీ జారింది. అంతోనయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సాయం పట్టకుండా కూర్చోవడం ఆయనకు వానపాముకన్నా కష్టమైంది. చివరికి ఎర్ర నిలిచింది. రెండో గాలానికి కూడా సత్తారే గుచ్చాడు, తిడుతూనే.

పొద్దెక్కేదాకా పడినవి చిన్న జెల్ల చేపలు రెండు. కార్తె నాడు చేప తినాలంటారు కదా, నోట్లో వేసుకోవడానికి అవి చాలు.

సాయంత్రం అక్బరీ బేగం ప్రమీలారాణికి ఫోన్ చేసింది. "రేపు గూడ పోతడంట మా ఆయన. అంతోనయ్య ఒక్కడే పోతే ఎర్ర గుచ్చుకోలేడు పాపం అంటుండు. గంత భయమా వదినా భాయ్‌కి?"

ప్రమీలారాణి పెరటివైపు చూసింది. అంతోనయ్య రేపటి కోసం మట్టి తవ్వి, వానపాముల్ని వట్టి చేత్తో ఏరి డబ్బాలో వేస్తున్నాడు.

"అవ్ వదినా," అంది. "చచ్చేంత భయం."