ఎద్దేడ్పు మిట్ట మీద క్షమాపణ

కుజె తొరాజోగారికి ఉన్న జబ్బు ఒక్కటే: క్షమాపణ చెప్పుకోవడం. తన తప్పులకి కాదు. తన తప్పుల విషయంలో ఆయన లోకంలో అందరిలాగే నిబ్బరంగా ఉండేవారు. ఆయన చెప్పేదంతా కంపెనీ తరఫున. రోడ్డు పక్కన అసాగిరి కంపెనీ కారు ఒకటి ఆగి కనబడితే చాలు, తొరాజోగారు సైకిలు దిగి, టోపీ సర్దుకుని, మడతమంచంలా నడుము దగ్గర రెండుగా విరిగి, "మా బండి వల్ల తమకు కలిగిన కష్టానికి చింతిస్తున్నాం" అనేవారు.

"కష్టమేమీ లేదండీ. కాఫీ తాగుదామని ఆపాను," అనేవాడు ఆ కారాయన.

"అలా అనడం తమరి పెద్దమనసు."

"నిజంగానే బండి బాగుంది!"

"అయితే మరీ ఘోరం. ఏం పాడైందో తమకే తెలియకుండా పాడయ్యే స్థితికి తెచ్చామన్నమాట."

అంటూనే సంచిలోంచి పప్పు పూర్ణం పెట్టిన మిఠాయి పెట్టె తీసి రెండు చేతులతో అందించేవారు. పుచ్చుకునేదాకా నడుము ఎత్తరు. కాఫీ చల్లారిపోతుంది. కనక ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు దూరం నించి టోపీ కనబడగానే బండి పాడైందని ఒప్పేసుకుని మిఠాయి పుచ్చుకునేవారు. అసాగిరి ఊళ్ళో ఇంటికో మిఠాయి పెట్టె ఉండేది, పాడైన బండి మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

ఊరి పేరే కంపెనీ పేరు. కంపెనీ పేరే ఊరి పేరు. ఎవరైనా మోజుపడి వేరే కంపెనీ కారు కొంటే దాన్ని ఊళ్ళోకి తేవడానికి మొహం చెల్లక ఊరవతల తేయాకు తోటల దగ్గర వదిలి, కోటు మెడదాకా లాక్కుని, ముక్కు ఎర్రబడే చలిగాలిలో నడిచి ఇంటికి రావలసిందే. తొరాజోగారు అలాంటివాణ్ణి కూడా విడిచిపెట్టలేదు. ఒకసారి తోటల్లో ఒక కుర్రాణ్ణి పట్టుకుని, "మా బండి కొనాలనిపించకుండా చేసిన మా లోపానికి చింతిస్తున్నాం" అని వంగారు. ఆ కుర్రాడు సిగ్గుతో కారు అమ్మేసి సైకిలు కొనుక్కున్నాడు.

ఇదంతా భరించవలసింది ఆయన అన్నగారి కూతురు చిహాయా. ఆమెకు కంపెనీ చరిత్ర మందిరంలో ఉద్యోగం. వచ్చినవాళ్ళకి కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. ఆమె నోరు తెరిచేలోపు వెనక నించి బాబాయి అందుకునేవారు.

"మొదట మగ్గం," అనేవారు తొరాజోగారు.

ఏ కథైనా ఆయన దగ్గర మగ్గంతోనే మొదలయ్యేది. కంపెనీ పెట్టిన పెద్దాయన నేతమగ్గాలు చేసేవాడు. యుద్ధం అయ్యాక కట్టుకోవడానికి గుడ్డల్లేవు, గుడ్డలు నేయడానికి నూలు లేదు, నూలు లేనప్పుడు మగ్గం కొనే పిచ్చివాడెవడూ లేడు. "పోనీ జనం కాళ్ళతో నడుస్తున్నారు కదా, ఆ కష్టమైనా తీరుద్దాం" అని పెద్దాయన కారు చేశాడు. దానికి మెజిరో అని పేరు పెట్టాడు. మెజిరో అంటే ఒక పిట్ట. పిట్ట ఎగురుతుంది. బండి గురించి అంత గట్టిగా చెప్పలేం. చదునునేల మీద చక్కగా పోయేది. మిట్ట చూస్తే ఆగేది. ఇంజను గొణుగుతూనే ఉండేది, చక్రాలు మాత్రం మౌనవ్రతం పట్టేవి.

అప్పుడు పెద్దాయన మెజిరో కొన్న ప్రతి ఇంటికీ మిఠాయి పెట్టెతో వెళ్ళి గుమ్మంలో వంగి క్షమాపణ చెప్పాడు. పెట్టె మోసినవాడు అప్పుడే పనిలో చేరిన తొరాజో. ఆ వంగడం ఆయన ఒంట్లో అలాగే ఉండిపోయింది. తర్వాత కంపెనీ బండ్లు ఎడారులు దాటాయి, మంచుకొండలెక్కాయి, ఏ దేశంలో చూసినా "అసాగిరి బండా? తాతలు కొంటే మనవలు నడుపుతారు" అనే పేరు తెచ్చుకున్నాయి. తొరాజోగారు ఒక్కో మెట్టే ఎక్కి కంపెనీలో క్షమాపణల విభాగానికి అధిపతి అయ్యారు. అయ్యేసరికి క్షమాపణ చెప్పడానికి బండ్లు పాడవడం మానేశాయి.

"బండ్లు బాగుపడ్డాయి, మర్యాదలు చెడ్డాయి," అని నిట్టూర్చేవారు.

ప్రతి కొత్త సంవత్సరానికీ చిహాయా ఆయనకో ఉన్నిటోపీ కొనిచ్చేది. పూలు పూసే కాలానికల్లా దాని నెత్తి అణిగి అప్పడంలా అయ్యేది.

"బాబాయ్! మళ్ళీ టోపీ మీద కూర్చున్నారా?"

"మర్యాద ఎక్కడో ఒకచోట అరుగుతుందమ్మా."

ఆ మెజిరోల్లో కదిలేది ఊళ్ళో ఒక్కటే మిగిలింది. అది షిగెగారిది. షిగెగారు తోఫు చేసి అమ్మే ముసలావిడ. పొట్టిగా, గట్టిగా, ఉప్పులో ఊరిన ముల్లంగిలా ఉండేది. రోజూ తెల్లారగానే సోయా పాలు విరగ్గొట్టి తోఫు బిళ్ళలు నీళ్ళ తొట్టెల్లో పేర్చి, మెజిరోలో పెట్టుకుని, బూరా ఊదుతూ ఎద్దేడ్పు మిట్ట ఎక్కి పై వీధుల్లో అమ్మేది. పూర్వం ఆ మిట్ట దగ్గర ఎద్దులు ఏడ్చేవట, అందుకే ఆ పేరు. భర్త పోయినప్పుడు ఊరంతా సాయం చేస్తామని వెళ్ళింది. ఆవిడ పెద్ద గరిటె పుచ్చుకుని గుమ్మంలో నిలబడింది.

"నాకు సాయమా? నేనేం కాళ్ళు విరిగి పడున్నానా? ఫోండి!"

అప్పట్నించీ ఆవిడకి సాయం అన్నమాట ఎవరూ అనలేదు. ఆవిడ దగ్గరికి నిర్భయంగా వెళ్ళేవారు తొరాజోగారొక్కరే. ఎందుకంటే ఆయన సాయానికి వెళ్ళేవారు కాదు, క్షమాపణకి వెళ్ళేవారు. మిట్ట మలుపులో, కాకి అనే నారింజరంగు పళ్ళు కాసే చెట్టు దగ్గర, మెజిరో అలవాటుగా ఆగేది. తొరాజోగారు అలవాటుగా వెనక ప్రత్యక్షమై వంగేవారు. "మా బండి వల్ల తమకు..." అని సన్నగా వినబడేది. షిగెగారు అది తనకు రావలసిన బాకీలా స్వీకరించి "ఊఁ" అనేది. కాసేపటికి బండి కదిలిపోయేది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, కాని ఎవరూ ఎన్నడూ చూడలేదు. క్షమాపణ చెప్పుకుంటున్న మనిషి వైపు తేరిపార చూడటం ఆ ఊళ్ళో మహా అమర్యాద. ఆయన వంగగానే వీధి వీధంతా ఆకాశం వైపు తిరిగేది.

ఇలా ఉండగా కంపెనీకి పెద్ద పండుగ వచ్చింది. పాత మగ్గాల షెడ్డు నించి మిట్టమీది గుడిదాకా ఊరేగింపు. ముందు మెజిరో నడవాలని ప్రచారాల డైరెక్టరు కుసునోకిగారి కోరిక. నున్నటి జుట్టు, నున్నటి మాట ఆయనవి. చిహాయాను వెంటబెట్టుకుని తోఫు దుకాణానికి వెళ్ళాడు.

"అవ్వగారూ, బండిని మాకిచ్చెయ్యండి. అద్దాల గదిలో పువ్వులా పెట్టుకుంటాం."

"మరి తోఫు ఎవరు మోస్తారు, మీ నాన్నా?"

కుసునోకి నవ్వు చెదరలేదు. "త్వరలో సర్కారు తనిఖీ వస్తోంది. మీ బండిలో అరిగిన సామాన్లు ఇక బజారులో దొరకవు. తనిఖీలో తప్పితే రోడ్డెక్కనివ్వరు."

"ఆ సామాన్లు చెయ్యగలిగేది మీరే కదా. చెయ్యండి!"

"పనికిరాని బండికి ఎలా చేస్తామండీ?"

షిగెగారు గరిటె కోసం చూసింది. అందకపోయేసరికి మాటతోనే కొట్టింది. "పనికిరాదా? నా బండి రోజూ ఆ మిట్ట ఎక్కుతోంది. పందెం. ఊరేగింపులో అందరి ముందూ ఎక్కుతుంది. ఎక్కితే ఆ సామాన్లు మీరు చేసివ్వాలి, నేను బతికున్నన్నాళ్ళూ బండి రోడ్డు మీదే ఉండాలి. ఎక్కకపోతే తీసుకుపోయి అద్దాల్లో పెట్టుకో, పువ్వులా."

బయటికొచ్చాక కుసునోకి చిహాయాతో మెల్లగా అన్నాడు. "ఇంకో సంగతి. ఆ రోజు మాత్రం మీ బాబాయిని ఇంట్లో పెట్టి తాళం వెయ్యి. లోకమంతా చూస్తుంది. ఆగని బండ్లన్న పేరు మనది. పండుగలో క్షమాపణ చెబితే పరువేం కాను?"

చిహాయా ఆ సాయంత్రం బాబాయి ఎదురుగా కూర్చుని బతిమాలింది, బెదిరించింది, వేయించిన చేప వాసన చూపించి ఆశపెట్టింది.

"నేను బండి వెనక నడుస్తాను," అన్నారు తొరాజోగారు.

"వద్దు బాబాయ్. షిగెగారి బతుకు ఆ మిట్ట మీద ఉంది."

"అందుకే నడుస్తాను. నేను లేకుండా ఆ బండి మిట్ట ఎక్కదు."

"అబ్బ, ఏం గొప్పలు! బండి మీ క్షమాపణ విని ఎక్కుతోందా?"

తొరాజోగారు చేపముల్లు శ్రద్ధగా ఏరి పక్కన పెట్టారు. "నన్ను ఆపాలంటే నా మీంచి నడిచి వెళ్ళు. మొదట మగ్గం..."

"మగ్గం సంగతి నాకు తెలుసు!" అని చిహాయా లేచిపోయింది.

పండుగనాడు డప్పులు మోగాయి, జెండాలు గాలికి చిరిగేలా కొట్టుకున్నాయి. ముందు మెజిరో, అందులో కొత్త తలగుడ్డ కట్టుకుని షిగెగారు, మధ్యమధ్య బూరా. బండి వెనక నల్లకోట్లలో డైరెక్టర్లు, వాళ్ళ పక్కన చిహాయా. ఎక్కణ్ణించి ఊడిపడ్డారో, అందరికన్నా ముందు, బండి తోకకి అతుక్కున్నట్టు తొరాజోగారు. కుసునోకి కళ్ళతోనే చిహాయాను చంపేశాడు.

మెజిరో మిట్ట మొదలు చక్కగా ఎక్కింది. సగం ఎక్కింది. మలుపు దగ్గర చెట్టు కనబడగానే పాత స్నేహితుణ్ణి చూసినట్టు ఆగింది. ఇంజను గొణిగింది. చక్రాలు మౌనవ్రతం పట్టాయి. డప్పులాగాయి.

బండి అంగుళం వెనక్కి జారింది. చిహాయా గుండె అంతకన్నా ఎక్కువే జారింది.

అప్పుడు తొరాజోగారు టోపీ సర్దుకుని, నడుము విరిచి వంగారు. "మా బండి వల్ల తమకు కలిగిన కష్టానికి చింతిస్తున్నాం!"

వెంటనే వీధంతా ఆకాశం వైపు తిరిగింది. కెమెరాలవాళ్ళు కూడా ఆ ఊరివాళ్ళే, వాళ్ళూ మేఘాలను తీశారు. కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు కంపెనీ పేరు మీద వంగితే పక్కనున్న కంపెనీ మనిషి నిలబడి ఉండకూడదు. చిహాయా ఆలోచించకుండానే వంగిపోయింది. వంగి, పక్కకి కన్ను తిప్పింది.

బాబాయి నెత్తి మెజిరో వెనక రేకుకి ఆని ఉంది. టోపీ అప్పడమైంది. మడమలు నేలలో దిగబడ్డాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఆయన క్షమాపణ చెప్పడం లేదు. బండిని తలతో తోస్తున్నారు.

"బాబాయ్..." అంది చిహాయా. "ఇన్నేళ్ళూ..."

"సాయమంటే గరిటె తీస్తుందే," అన్నారాయన పళ్ళ మధ్య నించి. "క్షమాపణంటే ఊరుకుంటుంది. చూస్తావేం? తల ఆనించు!"

చిహాయా తల ఆనించింది. బండి కదలాలా వద్దా అని తటపటాయించింది. ఈలోగా కట్టుబాటు డైరెక్టర్లదాకా పాకింది. వరసగా నల్లకోట్లన్నీ వంగాయి. చివరికి కుసునోకి కూడా, పళ్ళు కొరుక్కుంటూ.

"ఇంకొంచెం ముందుకి, సార్," అని గుసగుసలాడింది చిహాయా.

"ఇదేం వంగడం! ఇంతకన్నా ముందుకి వంగితే బండికి తగులుతాను!"

"తగలండి సార్. క్షమాపణ మనస్ఫూర్తిగా ఉండాలి."

నున్నటి జుట్టు రేకుకి ఆనింది. దాని పక్కన ఇంకో తల, ఆ పక్కన ఇంకో తల. దేశదేశాల్లో పేరు మోసిన కంపెనీ పెద్దలందరూ ఒక తోఫు బండి వెనక గొర్రెల్లా నెత్తులు పెట్టి పరమ వినయంగా కుమ్మారు. మెజిరో ఒక్కసారి తుమ్మి, మలుపు తిరిగి, బూరా ఊదుకుంటూ గుడిదాకా వెళ్ళి ఆగింది. జనం ఆకాశం నించి దిగి చప్పట్లు కొట్టారు.

కుసునోకి నుదుటి మీద గుండ్రంగా దుమ్ము మచ్చ. జుట్టు పిచ్చుకగూడు. ఆయన తొరాజోగారి టోపీని చాలాసేపు చూశాడు. తర్వాత విలేకరుల వైపు తిరిగి గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"మేము క్షమాపణ చెప్పాం. బండి దానంతటదే ఎక్కింది. పాత బండ్లకి కూడా సామాన్లు చేసివ్వడం మా సంప్రదాయం."

ఆ సంప్రదాయం ఆ క్షణానే పుట్టిందని చిహాయా చెప్పలేదు. తొరాజోగారు మాత్రం, "మొదట మగ్గం," అని విలేకరులకు అందుకున్నారు.

కంపెనీ మాట నిలబెట్టుకుంది. మెజిరో తనిఖీ నెగ్గింది. కొత్త సామాన్లతో రోడ్డెక్కిన మొదటి ఉదయం చిహాయా కూడా మిట్ట దగ్గరికి వెళ్ళింది. బాబాయి చెట్టు కింద, ఆమె కొనిచ్చిన కొత్త టోపీతో నిలబడి ఉన్నారు. బూరా వినబడింది. మెజిరో పిట్టలాగే వచ్చింది, ఆయన ముందు నించి తుర్రుమని మలుపు తిరిగింది. తొరాజోగారు సగం వంగి, తల ఆనించడానికి ఏమీ లేక, అలాగే గాలిలో ఉండిపోయారు.

కొంచెం పైన బండి ఆగింది.

తొరాజోగారి మొహం వెలిగింది. పరుగెత్తుకెళ్ళి వంగారు. "మా బండి వల్ల తమకు..."

"చాల్లేవయ్యా, లేచి నిలబడు!" అంది షిగెగారు కిటికీలోంచి. "బండి ఆగలేదు, నేనే ఆపాను. ఎక్కు."

"నేనా? ఎందుకు?"

"ఇన్నేళ్ళు వెనక నించి తోశావు. ఒక్కసారి ముందు కూర్చుని చూడొద్దూ?"

తొరాజోగారు నోరు తెరిచారు. "నేను తోశానని తమకెలా..."

"వెనక చూసే అద్దం పెట్టింది మీ కంపెనీవాళ్ళే కదయ్యా!"

ఆయన టోపీ సర్దుకున్నారు. వయసుకి తగ్గ గాంభీర్యంతో మళ్ళీ నడుము వంచబోయారు. "అద్దం వల్ల తమకు కలిగిన..."

"ఎక్కుతావా, గరిటె తియ్యనా?"

తొరాజోగారు ఎక్కారు. మెజిరో కప్పు బాగా తక్కువ ఎత్తు. బండి కదిలేసరికి కొత్త టోపీ అప్పడమైంది.