చీనీకాయ పేరు వెంట కమలాపురం దాకా

మా ఆవిడది గుంటూరు వైపు, ఆమెకు అది బత్తాయి. నేను కర్నూలువాణ్ణి, నాకది చీనీకాయ. ఈ తగువు తేల్చుకుందామని నిఘంటువులు తిరగేస్తే మా ఇద్దరి గాలీ తీసేశాయి. బత్తాయి అన్న మాట బటావియా నుంచి, అంటే ఇప్పటి జకార్తా నుంచి వచ్చిందట. చీనీ అంటే చైనాది. బండ్ల మీద అమ్మే మోసంబి పేరేమో మొజాంబిక్‌ది. మన పండుకు మన పేరే లేదని నిజంగానే మనసు చివుక్కుమంది. పండించేవాళ్లు ఏమంటారో విందామని జనవరిలో బయల్దేరాను.

కర్నూలులో తెల్లవారే బస్సెక్కితే ఓర్వకల్లు రాళ్లగుట్టలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి మధ్యాహ్నంలోపు కడప చేరాను. టికెట్ మూడొందల పైచిలుకు. అక్కణ్ణుంచి కమలాపురం గంటలోపే. స్టాండులో మిత్రుడి బంధువు ఓబులేసు మోటారుసైకిలుతో ఎదురుచూస్తున్నాడు.

ఆయన చీనీతోట చూసి కంగారుపడ్డాను. చెట్లన్నీ ఆకు రాల్చి వడలిపోయి ఉన్నాయి.

"తోట పోయిందా అన్నా?"

"పోలేదు సార్. మేమే నీళ్లాపి ఎండబెట్టినాం. బాగా దప్పికైనాంక నీళ్లిడిస్తేనే పూత దిగుతాది. ఈ పొద్దు ఇడుస్తాండాం."

ఆయన భార్య రామసుబ్బమ్మ ముఖంలో మాత్రం దిగులుంది. "పోయినేడు ఇదే అదనులో బోరు ఎండిపాయ. సగం చెట్లు కొట్టేసినాం. ఇప్పుడూ రాకుంటే మిగిలిండేవీ పొయ్యిలోకే," అంది.

మోటారు వేశారు. పైపు గాలి కక్కుతోంది తప్ప చుక్క రాలేదు. వాళ్ల దిగులు చూడలేక నేను వచ్చిన పని చెప్పేశాను, చీనీ అంటే చైనాదటమ్మా అని.

ఆమె పైపు మీంచి చూపు తిప్పలేదు. "అయితే ఏమాయ? ఈయప్ప పేరు అహోబిలం సామిది. అట్లని ఈయప్పను అహోబిలం తోలేస్తానా?"

అహోబిలేశుడే వాడుకలో ఓబులేసు అయ్యాడు మరి. అంత ఆందోళనలోనూ ఆయన నవ్వేశాడు. కాసేపటికి పైపులోంచి ఎర్రటి బురద, దాని వెనకే నీళ్లు వచ్చాయి. సన్నధారే. రామసుబ్బమ్మ పార అందుకుని పాదు తర్వాత పాదుకు నీళ్లు మళ్లిస్తూ పోయింది. పొద్దువాలేదాకా ధార తెగలేదు.

పేర్లు ఓడలెక్కి వస్తాయి, వేళ్లు మాత్రం ఎవరో ఒకరు తడపాలి. చైనా పేరని చిన్నబుచ్చుకున్నందుకు నా మీద నాకే నవ్వొచ్చింది. ఫిబ్రవరిలో రామసుబ్బమ్మ ఫోన్ చేసింది: "పూత శానా దిగింది అన్నా. వాసనకు తోటలో నిలబడలేకపోతాండాం." ఆ మాట విని మా ఇంట్లో ఇద్దరికీ కళ్లు చెమర్చాయి.

మీరూ జనవరిలో, నీళ్లు విడిచే రోజుల్లో వెళ్తే తాగునీళ్లు వెంట పట్టుకెళ్లండి. మీరు అడక్కుండానే వాళ్లు చెంబు అందిస్తారు. అప్పుడు ఆ చెంబెడు నీళ్లూ చెట్టువే.