కొలత అయ్యేదాకా కదలకు

మంచులో చంకలదాకా కూరుకుపోయిన ఆడమనిషిని పైకి లాగకుండా, ముందు ఆ మంచు ఎంత లోతుందో కొలిచారు. జరిగింది ఇదే. దీన్ని మా లోయలో ఇన్నేళ్లుగా హాస్యకథగా చెప్పుకుంటున్నాం.

ఆమె పేరు డోరిన్ ఆల్డర్సన్. స్కార్‌బెక్ లోయలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, పొయ్యి రాజేసి, ఒళ్లు తుడిచి, ఇంత సూపు తాగించి రావడం ఆమె ఉద్యోగం. ఆ ఫిబ్రవరి తుఫానుకు రోడ్లన్నీ పూడుకుపోయాయి. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "జాగ్రత్త డోరిన్, మరి పీకాక్ గారింటికి వెళ్లాల్సింది నువ్వేగా" అన్నారు. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. రేపు ఏదైనా అయితే తప్పు ఎవరి నెత్తిన వెయ్యాలో ముందే చూసుకుని పలికిన మాట అది. డోరిన్ ఎర్ర కోటు తొడుక్కుని, ఫ్లాస్కులో సూపు పోసుకుని, రాతిగోడ వారనే తడుముకుంటూ గుట్టెక్కింది. గోడ ఆగిపోయి గేటు ఉండేచోట మంచు మేట వేసి ఉంది. పైకి గట్టిగానే కనిపించింది. కాలు పెట్టగానే మనిషి దిగిపోయింది.

ఆమెను మొదట చూసినవాడు క్లిఫర్డ్ రా. మా లోయ మంచు సంఘానికి కార్యదర్శి. మంచు పడిన రోజు మొహం కడుక్కోకపోయినా కొలబద్ద పట్టుకుని బయల్దేరే రకం. ఐవర్ అనే రైతు నడుపుతున్న ట్రాక్టర్ మీద అతను ఆ పూట లోయంతా తిరుగుతున్నది పెద్ద మేట ఎక్కడుందా అనే. దొరికింది. మేటను తవ్వితే కొలత చెడిపోతుంది. చెదరని మంచునే కొలవాలన్నది ఆ సంఘంలో అందరికీ వేదవాక్కు.

"కదలకు డోరిన్! కొలత అయ్యేదాకా కదలకు!" అని దూరం నుంచే అరిచాడు.

బద్ద చాలలేదు. ఇంకోటి తేవడానికి మళ్లీ ట్రాక్టర్ దాకా వెళ్లాడు. తర్వాత ఫోటో. అందులో బద్ద మీది అంకెలు సరిగా పడలేదేమోనని ఇంకో ఫోటో. అప్పుడుగానీ పారలు కిందికి దిగలేదు. పైకి తీశాక ట్రాలీ ఎక్కమంటే డోరిన్ ఎక్కలేదు. "నడుస్తాను" అంది. మొండిఘటం అని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఒక్క మాటా అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఏటా ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం మంచు సంఘం ఊరి హాల్లో కలుస్తుంది. పండ్ల కేకు మీద చీజు ముక్క పెట్టుకు తింటూ, టీ మీద టీ తాగుతూ, పాత తుఫానుల్ని తలుచుకుంటారు. చుట్టాలను తలుచుకున్నట్టే ఉంటుంది.

"మా నాన్న టెలిఫోన్ తీగ తట్టుకుని బోర్లా పడ్డాడు తెలుసా! మంచు అంతెత్తు మరి, తీగ కాలికి తగిలింది!"

"నీ మంచు ఏడాదికో అడుగు పెరుగుతోందిరా నాయనా. వచ్చే ఏడు మీ నాన్న స్తంభం మీద కూర్చుని టీ తాగుతాడు."

"నవ్వండి, నవ్వండి. మా గొర్రెలు మంచు కింద ఒకదాని ఉన్ని ఒకటి నమిలి బతికాయి."

"అందుకేనా, ఆ ఏడు నువ్వు వేసుకొచ్చిన స్వెట్టర్‌కి చేతులు లేవు?"

అన్నీ అయ్యాక క్లిఫర్డ్ లేచేవాడు. పిల్లలు కూడా కుర్చీలు ముందుకు జరుపుకునేవారు. కథ ఆ చోటికి రాగానే హాలు హాలంతా ఒక్క గొంతుతో "కదలకు డోరిన్!" అని అరిచేది. టీ కెటిల్ దగ్గర నిలబడ్డ డోరిన్ అందరికంటే గట్టిగా నవ్వేది. ఎక్కడ నవ్వాలో ఆమెకు బాగా అలవాటైపోయింది. ఒక్క ఏడు నవ్వకపోతే, ఎందుకు నవ్వలేదని ఎవరైనా అడుగుతారు. అడిగితే చెప్పాలి.

చెప్పలేని సంగతి ఇది. రెండో బద్ద వచ్చేలోపు, ఆ చలికి, ఆ భయానికి, నిలబడ్డచోటనే ఆమె బట్టలు తడిసిపోయాయి. అలాగే ఇద్దరు మగాళ్ల ముందు, కెమెరా ముందు నిలబడాల్సి వచ్చింది. ట్రాలీ ఎక్కితే వాళ్ల పక్కన కూర్చోవాలి గనక ఎక్కలేదు. ఆ తడి బట్టలతోనే పీకాక్ గారింటికి నడిచింది. అక్కడ ముసలి ఏగ్నెస్ పీకాక్ ఆరిపోయిన పొయ్యి ముందు కోటు వేసుకుని వణుకుతూ కూర్చుని, "నా మూలాన నీకెంత కష్టం వచ్చింది తల్లీ, క్షమించు" అంది. ఆ రోజు డోరిన్‌ను క్షమాపణ అడిగింది ఆవిడొక్కతే. అడగాల్సిన పని లేనిదీ ఆవిడకే.

ఈ సంగతి డోరిన్ కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. అది చెవిన పడకుండానే ఆయన పోయాడు.

ఇప్పుడు డోరిన్‌కే తుంటి ఎముక పనిచెయ్యదు. పొద్దున్నే రూడో అనే అమ్మాయి వచ్చి లేపి, స్నానం చేయించి వెళుతుంది. జింబాబ్వే నుంచి వచ్చిన పిల్ల. డోరిన్‌ను "గోగో" అంటుంది, వాళ్ల వైపు అవ్వను అలా పిలుస్తారట. ఆ పిలుపంటే డోరిన్‌కు ప్రాణం.

ఈ ఏడు సమావేశం ఇంకా కొన్ని రోజులుందనగా క్లిఫర్డ్ ఆమె ఇంటికి వచ్చాడు. చంకలో ఆ ఫోటో, పెద్దది చేయించి తెచ్చాడు.

"కొత్త బస్ షెల్టర్ అద్దం మీద నిన్ను నిలువెత్తున వేయిస్తున్నాం డోరిన్. కిందిసగం మంచులో ఉంది గనక నిలువెత్తు అంటే సగమే అనుకో."

"ఈ మొహం ఎవరు చూస్తారు క్లిఫ్?"

"లోయంతా చూస్తుంది! ఆ ఎర్ర కోటు ఉందా ఇంకా? శనివారం వేసుకొచ్చేయ్. అందరి ముందూ సరేనన్నావంటే ఆ వెంటనే అచ్చుకిచ్చేస్తా."

వద్దు అనే మాట గొంతుదాకా వచ్చింది. "చూద్దాంలే" అనే మాట బయటికి వచ్చింది. ఆ షెల్టర్ ఆమె కిటికీకి ఎదురుగానే ఉంది. ఇక బతికినన్నాళ్లూ తెర తీస్తే అదే.

మర్నాడు బల్ల మీద ఫోటో చూసి రూడో ఆగిపోయింది. "ఎవరు గోగో ఈవిడ? ఎందుకు ఏడుస్తోంది?"

"ఏడవడం కాదే పిచ్చిపిల్లా, నవ్వడం. చెయ్యి ఊపుతున్నాను, చూడు."

రూడో ఫోటోను వెలుతురుకి తిప్పింది. "ఇలా ఊపరు గోగో. ఇది చెయ్యందించమని చాపడం."

డోరిన్ ఫోటో అందుకుని ఆ చేతినే చూస్తూ కూర్చుంది. కప్పులోని టీ చల్లారిపోయింది.

శనివారం తెల్లారేసరికి మంచు పడి ఉంది. బస్సులు లేవు. రూడో నడిచి వచ్చింది. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి, పెదాలు నల్లబడి గుమ్మంలో నిలబడింది.

"నీకు మతి పోయిందా? ఈ మంచులో నిన్ను రమ్మన్నదెవరు?"

"ఎవరూ రమ్మనలేదు గోగో. ఫోన్ చేస్తే, 'జాగ్రత్త రూడో, మరి ఆల్డర్సన్ గారింటికి వెళ్లాల్సింది నువ్వేగా' అన్నారు."

ఆ మాట విని డోరిన్ మొహం మండిపోయింది. ఆఫీసు పేరు మారింది, మనుషులు మారారు, ఆ వాక్యం మాత్రం చెక్కు చెదరలేదు. తాను ఏటా నవ్వుతూ దానికి కాపలా కాసింది. తడిసింది తన బట్టలైనప్పుడు సిగ్గుపడింది. ఈ పిల్ల తడి కాళ్లు చూస్తుంటే, ఇన్నాళ్లూ పడిన సిగ్గు తనది కానే కాదని, అసలు పడాల్సిన సిగ్గు ఇప్పుడే మొదలైందని అనిపించింది.

"నువ్వు కూర్చో" అంది. "ఆ సాక్సులు విప్పి పొయ్యి దగ్గర పెట్టు. నా స్నానానికి తొందరేం లేదు. మధ్యాహ్నం నన్ను పట్టుకుని హాలుదాకా నడిపించు, నాలుగిళ్ల అవతలేగా."

హాలు కిటకిటలాడింది, మంచు పడినరోజు ఆ సంఘం వాళ్లకు ఉత్సాహం మరీ ఎక్కువ. వేదిక మీద ఫోటో నిలబెట్టి ఉంది. క్లిఫర్డ్ కథ ఎత్తుకున్నాడు. ఆ చోటు వచ్చింది. "కదలకు డోరిన్!" అని హాలు అరిచింది.

నవ్వాల్సినచోట నవ్వు రాలేదు. డోరిన్ రూడో చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. ఎర్ర కోటు వేసుకు రాలేదు.

"ఆ ఫోటో షెల్టర్ మీద పెట్టడానికి నేను ఒప్పుకోను."

"ఏమైంది డోరిన్?" అన్నాడు క్లిఫర్డ్ ఇంకా నవ్వుతూనే. "కోటు పట్టడం లేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"నేను చెయ్యి ఊపలేదు క్లిఫ్. లాగమని చాపాను. నువ్వు బద్ద పట్టుకుని అంకె చదువుతున్నావు. రెండో బద్ద కోసం నువ్వు వెళ్లినప్పుడు నా బట్టలు తడిశాయి. మంచుతో కాదు. ఇప్పటికి అర్థమైందా, ట్రాలీ ఎందుకు ఎక్కలేదో?"

ఎవరి చేతిలోని కప్పు వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. ఐవర్ తల దించుకుని బూట్లు చూసుకున్నాడు. క్లిఫర్డ్ మెడ నుంచి చెవులదాకా ఎర్రబడింది.

"నువ్వు... నువ్వు కూడా నవ్వావు కదా డోరిన్. ప్రతి ఏడూ."

"నవ్వకపోతే ఈ ఊళ్లో తలెత్తుకుని ఎలా తిరగను? ఇవాళ ఈ పిల్లను కూడా నడిపించారు. రేపు ఈమె ఏ మేటలోనో దిగబడితే ఫోటో ఎవరు తీస్తారు? నువ్వా, మీ అబ్బాయా?"

క్లిఫర్డ్ వేదిక మీది ఫోటో తీసి, బొమ్మ తన వైపు తిప్పుకుని గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. తర్వాత అతి కష్టం మీద, "చూడలేదు డోరిన్. ఇన్నేళ్లూ బద్దనే చూశాను" అన్నాడు.

అందరూ మారిపోయారని చెప్పను. కేకు సర్దుతుంటే ఒకాయన, "పాత జోకు కూడా పడదా ఏం ఈవిడకి" అని గొణిగాడు. నేను విన్నాను. అతని పెళ్లాం వినీ విననట్టు ఊరుకుంది. ఇన్నేళ్లూ ఆ హాల్లో గొంతు కలిపిన వాళ్లలో నేనూ ఉన్నాను గనక, అతనికి నేనూ ఏమీ చెప్పలేకపోయాను.

ఆ రాత్రి మళ్లీ మంచు పడింది. తెల్లవారి డోరిన్ తెర తీసేసరికి క్లిఫర్డ్ షెల్టర్ నుంచి ఆమె గుమ్మందాకా దారి తవ్వుతున్నాడు. కొలబద్ద గోడకు ఆనించి ఉంది. ఇంకా కొలవలేదు. చెదరని మంచు ఆ దారిలో ఎక్కడా మిగల్లేదు. తవ్వడం పూర్తిచేసి, పార భుజాన వేసుకుని, రూడోకు ఎదురు వెళ్లాడు.

మీ ఊళ్లో మంచు పడకపోవచ్చు. వాన పడుతుంది, వరద వస్తుంది, ఎండ మాడుస్తుంది. అలాంటి రోజున కూడా మీ అమ్మకు ఒళ్లు తుడవడానికో, మీ నాన్నకు ఇంజెక్షన్ ఇవ్వడానికో ఒక మనిషి నడిచి వస్తుంది. ఆమెను పంపిన ఆఫీసుకు ఈసారి మీరే ఫోన్ చెయ్యండి. బండి పంపమనండి, లేదంటే ఇవాళ రావద్దని ఆమెకు సూటిగా చెప్పమనండి. రాని రోజుకు జీతం కొయ్యబోమని మాట తీసుకోండి. అప్పటికీ ఆమె బయల్దేరితే గొడుగు పట్టుకుని ఎదురు వెళ్లండి. తుఫాను ఎంత పెద్దదో తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు. ముందు చెయ్యందించండి.