నాన్న చేతి వేడి

కుక్కరు మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టినప్పుడల్లా పోయినవాటిని లెక్కపెట్టుకుంటాను. రెండు గోతాల విత్తన వడ్లు, కాలువలో మా వంతు తొలి తడి, నాన్న చెయ్యి తప్పదని క్యాంపంతటికీ ఉన్న నమ్మకం. బడిలో నేర్వని నా లెక్కలు అక్కడే మొదలయ్యాయి.

గోదావరి పక్కనుంచి తాతలు వచ్చి కన్నడ నేల మీద ఎమ్మిగనూరు కాలువ కింద స్థిరపడిన క్యాంపు మాది. కారుణ్ణిమె, అదే ఏరువాక పున్నమి పండక్కి ఎద్దుల కొమ్ములకు రంగులు ఆరుతుండగా, ఓళిగలనే బొబ్బట్ల మీది నెయ్యి వాసనలో తడి గడ్డి వాసన కలిసేది. ప్రతి వసారాలో నానిన వడ్లను గోతాల్లో మండె కట్టి, మొలకెత్తడానికి గడ్డి కప్పేవాళ్లు. వేడి చాలకపోతే మొలక రాదు, ఎక్కువైతే విత్తనం చచ్చిపోతుంది. అది చూడటానికి అందరూ నాన్ననే పిలిచేవాళ్లు. ఆయన మోచేతిదాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, నీళ్లు చల్లాలో గడ్డి కప్పాలో చెప్పేవాడు.

ఆ ఏడు ముసురు, నాన్నకు జ్వరం. దుప్పటి కప్పుకునే వచ్చి మా గోతాల్లో చెయ్యి పెట్టి, "చల్లగా ఉన్నాయేంటే!" అని గడ్డి వేయించాడు, సాయంత్రం మళ్లీ వేయించాడు. తెల్లారి మూతి విప్పితే ఉడికిన అన్నం వాసన. మొలకలు కమిలి వేళ్లకు జిగటగా అంటుకున్నాయి. నాన్న తూలి నా భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతోంది. వడ్లు చల్లగా లేవు, చెయ్యే వేడిగా ఉంది. నాన్న తప్పడమన్నది అంతవరకూ నా ఊహలో లేదు. కాళ్ల కింద గట్టు జారినట్టయింది.

కాలువకు నీళ్లొచ్చేశాయి, మళ్లీ నారు పోసే అదను లేదు. ఏడాది తిండిగింజలు పోయినట్టే. మా పొలాల్లో నాట్లు వేస్తూ, ఆసామి మడి ఒకటి పంటలో వాటాకు చేసుకునే హనుమక్క, పక్క ఊళ్లో తరాలుగా ఉన్న తెలుగావిడ, వాకిట్లోకొచ్చి నిలబడింది.

"ఏందప్పా, వడ్లు వండినావంట? చెప్పింటే ఊరగాయ తెస్తాంటి గదా!"

నాన్న తలెత్తలేదు.

"నా కోరు మడిలో నారు మిగిలేటట్టుండాది, పీక్కోపో."

"ఎంతివ్వను?"

"నారుకు యాడన్నా దుడ్డు తీసుకుంటారా? వచ్చేసారి నారే ఇయ్యప్పా."

ఎకరానికి సరిపోయింది. మిగతా నాలుగెకరాలూ బీడు. తిరిగి ఇవ్వాలి గనక నారు కట్టలు ఎంచి గుర్తుపెట్టుకోమని నాన్న నాకే చెప్పాడు. మరుసటేడు నన్నే గోతాంలో చెయ్యి పెట్టమన్నాడు: "ముందు నీ చెయ్యెలా ఉందో చూసుకో."

అప్పటికి హనుమక్క కోరు మడిని ఆసామి లాగేసుకున్నాడు. ఆమె యశ్వంతనగర్‌కు ఇనుప రాయి తవ్వే పనికి పోయింది. నాన్న తడిగోనెలో నారు చుట్టుకుని బస్సెక్కి వెళ్లి, వాడిపోయిన ఆ నారుతోనే తిరిగొచ్చాడు.

"ఈ ఎర్ర దుమ్ములో యాడ నాటేదప్పా? నీ కాడే పెట్టుకో. మడి దొరికితే అడుగుతా" అందట.

ఇప్పుడు క్యాంపులో మండె కట్టేవాళ్లు లేరు. నారు ప్లాస్టిక్ ట్రేలలో వస్తోంది, యంత్రం నాటుతోంది. కట్టలు కట్టడం మా పిల్లలకు తెలియదు. నాన్న లేడు. హనుమక్క అడగలేదు.

నూట ఎనభై నాలుగు కట్టలు.