నేను వేరుశనగ అని రాసిన చేను

2002లో నేను మదనపల్లెలో ఉండి గ్రౌండ్ ట్రూత్ పని చేసేవాణ్ణి. ఉపగ్రహం తీసిన బొమ్మలో పచ్చగా కనిపించేది వరా, చెరకా, మామిడితోపా అని పైనుంచి తెలియదు. ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళి, చూసి రాయాలి. కుప్పం నుంచి పుంగనూరు దాకా జీపులో తిరిగి, రోజుకు నలభై చేలు రాసేవాణ్ణి. అవి చూసి కంప్యూటరులోని మోడల్ ఏ రంగు ఏ పంటదో నేర్చుకుని, తక్కిన చేలన్నిటికీ పేర్లు పెట్టేది. మా రాతలు విదేశాలవాళ్ళూ వాడుకుంటారని విన్నప్పుడు కాస్త పొంగిపోయాను కూడా.

ఆ ఏడు రామసముద్రం దగ్గర వేరుశనగ మొలిచి, వానల్లేక మాడిపోయింది. అంతా అయ్యాక వాన పడింది. ఆ తడికి చేలనిండా వయ్యారిభామ లేచింది. పశువులు మూతి పెట్టని కలుపు అది. గంగులప్ప అనే ముసలి రైతు తన చేనులో నిలబడి ఉంటే జీపు ఆపాను.

"ఏం పంటప్పా?"

"చెనిక్కాయ."

"యాడుండాది చెనిక్కాయ? అంతా వయ్యారిభామే గదా!"

"యేసింది చెనిక్కాయే. చేన్లో నిలబడి, పంట పాయె అని నా నోటితో అనమంటావా?"

మా వైపు అనరు. చేనులో ఉండగా అశుభం పలకకూడదంటారు. నా ఫారంలోనూ 'పోయింది' అని రాయడానికి గడి లేదు. హైదరాబాదుకు ఫోను చేసి సూపర్‌వైజరును అడిగాను. "రైతు చెప్పిందే రాయండి, ఖాళీ వదలొద్దు" అన్నాడు. రాశాను: వేరుశనగ, పచ్చగా ఉంది. ఆ వారంలో అలాంటి చేలు ఇంకా చాలా రాశాను. కళ్ళుండీ రాశాను.

మోడల్‌కు నా మాటే వేదం. వయ్యారిభామ పచ్చదనమే వేరుశనగ పచ్చదనం అనుకుంది. మండలమంతా పంట బాగుందని మ్యాపు వచ్చింది. దాన్ని చూసి ఆ మండలాన్ని కరువు జాబితాలో చేర్చలేదు. జాబితాలో ఉంటే గడ్డి డిపో పెట్టేవాళ్ళు. గంగులప్ప ఎద్దులకు ఆ గడ్డే దిక్కు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆకాశంలోంచి సూసి పంట ఉండాదన్నారంట. ఆ బొమ్మ నాకియ్యప్పా. మండలాఫీసులో పెట్టి, వచ్చి నా చేను సూడండని అడుగుతా."

పైవాళ్ళను అడిగాను. బయటివాళ్ళకు ఇవ్వడానికి వీల్లేదన్నారు.

"నా చేను బొమ్మకు నేను బయటోడినా?" అన్నాడు గంగులప్ప. "ఆ పొద్దు నువ్వేం రాసుకుంటివి?" అని అడిగాడు.

"నువ్వు చెప్పిందేనప్పా."

నా ఉద్యోగంలో నేనాడిన అతి నీచమైన మాట అది. ఆయన వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఎద్దులు పుంగనూరు సంతకు పోయాయి. కొన్నవాళ్ళు దున్నుకునేవాళ్ళు కాదు.

ఆరేళ్ళ తర్వాత ఆ సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. మదనపల్లెలో ఒక నెట్ సెంటరులో కూర్చుని వెతికితే గంగులప్ప చేను దొరికింది, పక్కన నా మాటలతో సహా. రంగుల్లో ప్రింటు తీయించి రామసముద్రం దగ్గర ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు, అయినా వెళ్ళాను. ఆయన దాన్ని ఎండకు పట్టి చూశాడు.

"బాగా పచ్చంగుండాదే" అన్నాడు. "ఇబ్బుడు దీంతో నేనేం జేసేది?" మడిచి నా చేతికే ఇచ్చాడు.

సమాచారం పంచుకోవడం గురించి ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. అవసరమైన రోజున, అవసరమైనవాడి చేతికి అందకపోతే దాన్ని పంచుకోవడం అనరని నేర్చుకున్నది మాత్రం ఆ గడపలోనే. లోకమంతటికీ ఇచ్చాం, చేనుగలవాడికి తప్ప.

తప్పు దిద్దమని రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఆ మ్యాపులో గంగులప్ప వేరుశనగ ఇప్పటికీ పచ్చగానే ఉంది.