శాలువాతో సహా మెయిలు

ముందే చెప్పేస్తున్నాను: నేను రాసింది చదివేటప్పుడు సగం తగ్గించుకోండి. మా ఆవిడైతే ముప్పాతిక తగ్గిస్తుంది.

నేను ఉండేది నందిగామలో. వత్సవాయి అవతల ఉన్న ఓ చిన్న మిర్చి రైతుల సంఘానికి సెక్రటరీని. గోడౌన్ దాకా కేబుల్ నెట్ వేయించే స్తోమత సంఘానికి లేదు. ఆఫీసు చూసుకునే మేడం తన ఫోన్ నెట్‌నే పాత కంప్యూటర్‌కి కలిపేది. ఆ సిగ్నల్ మీద బయల్దేరిన మెయిలు చిల్లకల్లు చేరి, హైవే దాటడానికి లారీల మధ్య సందు కోసం నిలబడేది. అందుకే బొమ్మలు లేకుండా ఒట్టి అక్షరాలే తెరుచుకునే మెయిల్ పేజీ పెట్టించాను. పైసా ఖర్చు లేదు, నందిగామ నుంచి నేనూ చూసుకోవచ్చు, చకచకా పోతుంది.

పోయేదే, మా ప్రెసిడెంటు గారి ఫోటో లేకపోతే. జగ్గయ్యపేటలో ఆయనకు సన్మానం జరిగింది. అప్పటినుంచి సంఘం పంపే ప్రతి మెయిలు కింద శాలువా, దండలతో ఆయన ఫోటో ఉండాలని తీర్మానం. ఆ దండ ఎంత బరువంటే, ఫోటో తెరవగానే కంప్యూటర్ బల్ల ఓ పక్కకి ఒరిగేది.

ఒకరోజు నేను గోడౌన్ ఆఫీసులో ఉండగా హైదరాబాద్ కంపెనీ ఒకటి మా కాయలన్నీ కొంటానంది. సాయంత్రంలోగా మెయిల్లో ఒప్పుకోవాలి, ఫోన్లో మాట చెల్లదు. కళ్లాల్లో కాయలు, నెత్తిన మబ్బు. మెయిలు కదలదు. అది కదిలేలోగా పత్తి విత్తి, ఏరి, కట్టె కూడా పీకెయ్యొచ్చు.

"ఫోటో తీసేద్దామండీ," అన్నాను.

"ఏవయ్యా సెక్రటరీ, మొహం లేకుండా బేరమేంటి? మొండెం పంపుతావా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"వాళ్లు కొనేది కాయల్నండి," అంది మేడం.

"కాయలకి మాత్రం ఓ పెద్దమనిషి ఉండొద్దూ?"

కళ్లంలోంచి ఓ మహిళా రైతు టార్పాలిన్ పట్టా ఈడ్చుకొస్తూ కేకేసింది: "చినుకు పడతాందయ్యో! మీ దండలు తరవాత సర్దుకుందురు!"

ప్రెసిడెంటు గారు ఆకాశం చూశారు, ఫోటో చూశారు, కళ్లు తుడుచుకున్నారు. "సర్లే, తీసెయ్," అన్నారు. తీయడం, మెయిలు తుర్రుమనడం ఒకేసారి జరిగాయి. లారీ పంపుతున్నామని చీకటి పడకముందే జవాబొచ్చింది.

ఇందులో నేను నిజంగా కల్పించింది ఆ "తీసెయ్" అనే మాట. ఆయన అనలేదు. ఆయన సిగ్నల్ వెతుక్కుంటూ గేటు బయటికి వెళ్లినప్పుడు మేమే ఫోటో పీకేశాం. తన మొహం చూసే బేరం కుదిరిందని ఆయన నమ్మకం. ఈమధ్య కోటు వేసుకుని ఇంకో ఫోటో దిగారు. నిజం సంఘంలో అందరికీ తెలుసు. ఆయనకు చెప్పే పనే ఒకరి మీదికి ఒకరం తోసుకుంటున్నాం.